లోపల ఇంకా ఉన్నాడు

పోయిన వారం రెటా షూమేట్‌ని ఇనప మెట్ల మీద వదిలేశాం. చేతిలో చెప్పొక్కటే తక్కువగా, మరిదిని కడిగి పారేద్దామని బ్రష్ క్రీక్ కారు పందేల ట్రాక్ గ్యాలరీ పైకప్పుకి ఎక్కుతోంది. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో సంగతి చెబుతాను, తక్కినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఏడాది కిందట ఇదే అక్టోబరు పందెంలో, నూట యాభై చుట్లకి ఇంకా పదకొండు మిగిలి ఉండగా, రెటా భర్త వెర్లిన్ మూడో మలుపు గోడకి కొట్టుకుని చనిపోయాడు. ఎడమ పక్కన ఇంకో కారు ఉండగానే, దారి ఖాళీ అనుకుని ఎడమకి, ట్రాక్ కింది అంచుకి దిగాడు. అలా అనుకునేలా చేసింది పైకప్పు మీద నిలబడి దారి చెబుతున్న సొంత తమ్ముడు డోర్సీయేనని ఊరంతా అంది, రెటా నమ్మింది. ఆనాటి నుంచి మరిదితో మాటల్లేవు. ఇప్పుడు అదే ముప్పై ఎనిమిదో నంబరు నీలం కారు బాగుచేయించుకుని కూతురు డెల్లా ఎక్కింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. తల్లికి మాట మాత్రంగానైనా చెప్పకుండా ఆ డోర్సీనే మళ్ళీ పైకప్పు ఎక్కించింది.

రెటా పైకి చేరేసరికి పందేనికి ముందు పాస్టర్ చేసే ప్రార్థన అయిపోయింది. జనం టోపీలు మళ్ళీ నెత్తిన పెట్టుకున్నారు. ఆదివారం మధ్యాహ్నపు ఎండ పల్చగా ఉంది, కొండల వైపు నుంచి చలిగాలి కొడుతోంది. కింద ఇరవై నాలుగు ఇంజన్లు ఒక్కసారిగా లేచాయి. పైకప్పు రెయిలింగ్ వెంట దారి చెప్పే స్పాటర్లు వరసగా నిలబడ్డారు, ఒక్కో కారుకి ఒక్కడు. ఆ చివర డోర్సీ. ఏడాదిలో సగం మనిషయ్యాడు. అది చూసి రెటాకి జాలి కలగలేదు, నిజం చెప్పాలంటే కాస్త సంతోషమే కలిగింది.

"దిగు," అంది.

డోర్సీ తల తిప్పలేదు. "జెండా పడబోతోంది వదినా."

"దిగమన్నానా? సిగ్గులేదట్రా నీకు? ఒకణ్ణి మింగింది చాల్లేదా?"

"ఇప్పుడు నేను దిగితే పిల్లకి కళ్ళుండవు. పందెం అయ్యాక ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టు, ఇక్కణ్ణుంచి తోసెయ్యి, కాదనను."

 డోర్సీ చెప్పింది నిజం. కార్లో కూర్చున్నవాడికి ముందు దారి తప్ప ఏమీ కనపడదు. హెల్మెట్టూ, సీటుకి రెండు పక్కలా ఉన్న రెక్కలూ మెడని కదలనివ్వవు. పక్కన ఎవడున్నాడో చూసి చెవిలో చెప్పేది పైకప్పు మీది మనిషి. "లోపల" అంటే ఎడమ పక్కన కారుంది, దిగకు. "ఇంకా ఉన్నాడు" అంటే ఇంకా దిగకు. "క్లియర్" అంటే ఖాళీ, పో. ఆ మాటకి ఎదురు ప్రశ్న ఉండదు. అది విన్నాక కూడా అద్దం చూసుకునేవాడు ఈ ట్రాక్ మీద ఏనాడూ గెలవడు.

అందుకే వెర్లిన్‌కి ఒక పిచ్చి పట్టుదల ఉండేది. పందెం రోజు పొద్దున్న లేచింది మొదలు ఇంట్లో ఎవరూ 'క్లియర్' అన్న మాట ఇంక దేనికీ వాడకూడదు. బల్ల మీద ప్లేట్లు తీశారా అంటే తీశామనాలి, మబ్బు విడిచిందా అంటే విడిచిందనాలి. నోరు జారి అన్నవాళ్ళకి ఆ పూట ఆపిల్ పై ముక్క దక్కదు. పనిముట్ల పెట్టె మూత మీద తెల్ల రంగుతో రాసి పెట్టాడు కూడా. 'ఆ మాట పైకప్పుది.' ఆ మూత ఇప్పటికీ అలాగే ఉంది.

రెటా తన హెడ్‌సెట్ చెవులకి తగిలించుకుంది. దాంట్లో వినడమే, మాట్లాడే బటన్ లేదు. పోయిన శీతాకాలంలో పాడైందని కారు మేస్త్రీ ఓడెల్ దాన్ని పీకేశాడు. కొత్తది రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అంటూ సీజనంతా నెట్టేశాడు. పోనీలే, మాట్లాడ్డానికి నాకేం మిగిలిందని రెటా కూడా రెట్టించలేదు.

పచ్చ జెండా పడింది.

గుండ్రంగా తిరగడంలో చూడ్డానికేముందోయ్ అని పట్నాల నుంచి వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. పాపం, వాళ్ళకెవరూ పైకప్పు ఎక్కించి చూపించినట్టు లేదు. మెలికల దారుల్లో జరిగే పందేల్లో కారు చెట్ల వెనక్కి పోయిందంటే మళ్ళీ వచ్చేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఇక్కడ ఎవడూ కంటికి దూరం కాడు. మొదటివాడూ చివరివాడూ ఒక్క చూపులో పడతారు. ఇరవై సెకన్లకి ఒక చుట్టు. ఈ చుట్టులో మూరెడు ఉన్న ఎడం వచ్చే చుట్టుకి జానెడవుతుంది, ఆ పై చుట్టుకి బెత్తెడు. చూసేవాడు తనకి తెలియకుండానే బెంచీ మీంచి లేచి నిలబడతాడు. ఒకడు బాగా ముందుకు పోయాడు, ఇంక అందడు అనుకునేలోగా వెనకెవడో గోడకి రాసుకుంటాడు, పసుపు జెండా లేస్తుంది. అందరూ నెమ్మదించి మళ్ళీ ఒకడి వెనక ఒకడు చేరాలి. అరగంటసేపు చెమటోడ్చి సంపాదించిన ఎడమంతా హుళక్కి. వెర్లిన్ పోకముందు రెటా ఈ ఆటని ప్రాణంగా చూసింది. ఇప్పుడు చూడబుద్ధి కావడం లేదు, అయినా చూపు తిప్పుకోలేకపోతోంది.

డెల్లా ఎనిమిదో స్థానంలో మొదలెట్టింది. తండ్రిలా మొదట్లోనే విరుచుకుపడలేదు, టైర్లు అరగకుండా దాచుకుంటూ వెనకే నడిచింది.

"లోపల," అన్నాడు డోర్సీ, గొంతు పెంచకుండా. "ఇంకా ఉన్నాడు. ఇంకా ఉన్నాడు. తోక దగ్గరున్నాడు. క్లియర్."

నీలం కారు కిందికి దిగింది. ఆ మాట వినగానే రెటా డోర్సీ వైపు తిరిగింది.

"ఎంత తేలిగ్గా అంటున్నావురా ఆ మాట," అంది. "ఆ రోజూ ఇంత తేలిగ్గానే అన్నావా?"

డోర్సీ చూపు నీలం కారు మీంచి కదల్లేదు.

"ఏడాదైంది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నా గుమ్మంలోకొచ్చి 'తప్పయింది వదినా' అన్నావా? ఆ ముక్క అనుంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, తిండి పెట్టేదాన్నేమో కూడా. నువ్వు అనలేదు."

"లోపల," అన్నాడు డోర్సీ రేడియోలో. "ఇంకా ఉన్నాడు."

"గోడతో చెప్పుకున్నా ఇంతే."

యాభయ్యో చుట్టు దాటింది, ఎనభయ్యోదీ దాటింది. ముందున్నవాళ్ళ టైర్లు అరిగి మలుపుల్లో కార్లు పైకి జారుతుంటే, డెల్లా ఒక్కొక్కణ్ణే కింది నుంచి దాటుకుంటూ వచ్చింది. ఎనిమిది నుంచి ఆరు, ఆరు నుంచి నాలుగు. ఉడకబెట్టిన వేరుశెనగల పొట్లాలు ఒళ్ళో మర్చిపోయి జనం నిలబడే ఉన్నారు. వెర్లిన్ కూతురు వస్తోందన్న మాట బెంచీల మీదుగా పాకింది. నూట ఇరవయ్యో చుట్టుకి ఆమె రెండో స్థానంలో ఉంది. ముందు ఒక్క ఎర్ర కారు, పన్నెండో నంబరు, గ్రేడీ కాడిల్‌ది. పోయినేడు వెర్లిన్‌కి లోపల పక్కన ఉన్నవాడూ గ్రేడీయే.

రెటా ఇంక ఆగలేకపోయింది.

"నీ రేడియో ఇలా తే. నా కూతురితో నేను మాట్లాడతాను. గ్రేడీ పక్కకి మాత్రం పోవద్దని చెబుతాను."

"వద్దు వదినా."

"నా పిల్లతో మాట్లాడ్డానికి నీ అనుమతేంట్రా?" అంటూ అతని చేతిలోని బటన్ మీదికి చెయ్యి చాచింది.

డోర్సీ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో భయం ఉంది. తప్పు చేసినవాడి భయంలా లేదది, గాజుసామాను దగ్గరికి పసిపిల్ల పోతుంటే పెద్దవాళ్ళు పడే భయంలా ఉంది.

"రేడియోలో మళ్ళీ నీ గొంతొద్దు," అన్నాడు.

అనేసి, నాలుక కరుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నాలుగో మలుపులో రెండు కార్లు ఒకదాన్నొకటి గీరుకుని తిరగబడ్డాయి. పసుపు జెండా లేచింది. నూట ముప్పయ్యో చుట్టు. ట్రాక్ మీద నూనె ఒలికింది, తుడవడానికి టైము పడుతుంది. ఇంజన్ల మోత గొణుగుడులోకి దిగింది. అంత మోత తర్వాత వచ్చిన ఆ నెమ్మది రెటాకి భరించరానిదిగా తోచింది.

"మళ్ళీ అన్నావు," అంది. "మళ్ళీ అంటే?"

"ఏదో నోటికొచ్చింది."

"డోర్సీ."

"వదిలెయ్ వదినా, దణ్ణం పెడతాను."

"ఓడెల్ నా బటన్ ఎందుకు పీకేశాడు?"

డోర్సీ టోపీ తీసి చేతిలో నలిపాడు.  రెటా రెయిలింగ్ పట్టుకుంది.

ఆ రోజు ఆమె కింద, కార్లు ఆగి టైర్లు మార్చుకునే పిట్‌లో ఉంది. పసుపు జెండా దిగి పందెం మళ్ళీ మొదలై మూడు చుట్లయింది. గాలి గొట్టాలు దారికి అడ్డంగా పడి ఉన్నాయి. పది అడుగుల అవతల నుంచి ఓడెల్ చేత్తో సైగ చేశాడు, గొట్టాలు తీశావా అక్కా అని. ఆమె లాగి పక్కన పడేసింది. ఇంతవరకు వెయ్యిసార్లు తల్చుకుంది ఆ క్షణాన్ని. ఆ తర్వాత వినపడ్డ చప్పుడే గుర్తుంది కానీ, దానికి ముందు ఓడెల్‌కి ఏం జవాబు చెప్పిందో ఒక్కసారీ తల్చుకోలేదు. తల ఊపిందా? ఆ మోతలో పక్కమనిషితో మాట్లాడాలన్నా రేడియోలోనే అలవాటు. బొటనవేలు దానంతటదే బటన్ మీదికి పోతుంది. ఆమె మనసులో ఉన్నది ఇంటికెళ్ళి వండాల్సిన బీన్సు, నానబెట్టానా లేదా అని. బొటనవేలు నొక్కింది. నోరు ఆ పైకప్పు మాటే అంది, క్లియర్ అని.

"నేనే అన్నాను," అంది రెటా. అడిగినట్టు కాదు, ఊరికే పైకి అన్నట్టుంది.

డోర్సీ టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. "నేను 'ఇంకా ఉన్నాడు' అంటున్నాను. రెండు గొంతులు ఒకేసారి వస్తే ఒకటి ఇంకోదాన్ని మింగేస్తుంది కదా. నాది పోయింది. నీది మిగిలింది. అన్న దిగాడు."

"ఓడెల్ విన్నాడా?"

"హెడ్‌సెట్ పెట్టుకున్న ప్రతివాడూ విన్నాడు."

"మరి ఒక్కరైనా..."

"అన్న ఎలాగూ పోయాడు. ఇద్దరు పోవడం ఎందుకనుకున్నాం. నేను ఒంటరిగాణ్ణి, నన్ను నలుగురూ నాలుగంటే ఏం పోతుంది? నువ్వు పిల్లని చూసుకోవాలి."

అంత్యక్రియల రోజున శవపేటికకి ఆరుగురు మనుషులు కావాలి. డోర్సీ నల్ల సూటులో ముందుకొస్తే రెటా అందరి ముందూ చెయ్యి అడ్డం పెట్టింది, మా ఆయన మీద నీ చెయ్యి పడకూడదంది. ఐదుగురే మోశారు, ఒక మూల వాలిపోతుంటే కూడా ఆమె ఆరోవాణ్ణి రానివ్వలేదు. ఓడెల్ ఆ ఐదుగురిలో ఒకడు. అతనికి తెలుసు. అందరికీ తెలుసు. కూరగిన్నెలు మోసుకొచ్చి ఆమెతో పాటు డోర్సీని తిట్టిన ఆడవాళ్ళలో ఎందరికి తెలుసో దేవుడికెరుక. అందరూ కలిసి కడుపులో పెట్టుకుని ఆమెని కాపాడారు, ఆ కాపాడ్డానికి ఖరీదు ఈ ఒక్కడి చేత కట్టించారు. రెటాకి ఏడుపు రాలేదు. 

"నన్ను కొట్టరా," అంది. "ఒక్కటి కొట్టు. లేకపోతే నేను నిలబడలేను."

"ఛ, ఊరుకో వదినా."

చెవిలో డెల్లా గొంతు పలికింది. పసుపు జెండా కింద కార్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి, మాట్లాడ్డానికి ఆమెకి తీరిక ఉంది. "బాబాయ్, అమ్మ అక్కడే ఉందా?"

డోర్సీ ఉలిక్కిపడి బటన్ నొక్కాడు. "ఉంది తల్లీ."

"చెప్పావా?"

రెటా మరిది మొహం చూసింది. అయితే దీనికి కూడా తెలుసు. ఆ రోజు బెంచీల్లో, జట్ల మాటలు వినిపించే అద్దె రేడియో చెవులకి పెట్టుకుని తండ్రి పందెం వింటూ కూర్చుంది కదా, తెలియకేం. ఏడాదిపాటు అదే బల్ల దగ్గర, ఎదురుగా కూర్చుని తల్లి వండింది తిన్నది.

"తనే తెలుసుకుంది," అన్నాడు డోర్సీ.

నీలం కారు రెండో మలుపు దాటింది. తర్వాత డెల్లా అంది, "అయితే రేడియో అమ్మకివ్వు."

"ఏయ్ పిల్లా, బుద్ధుందా?" కింద పిట్ నుంచి ఓడెల్ రేడియోలో అరిచాడు. "పక్కన గ్రేడీ ఉన్నాడు, ఆటలనుకున్నావా?"

"నువ్వుండు ఓడెల్ మామా. ఏడాదిగా మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనడం లేదు, పందెం లేని రోజు కూడా. అమ్మ నాకేసి చూసినప్పుడల్లా నేనే మొహం తిప్పుకుంటున్నాను. నావల్ల కాదింక. నాన్న ఆగిన చోట అమ్మ నోటితో ఆ మాట విని కిందికి దిగాలి. దిగి, బతికి, ఇంటికి రావాలి. నేనీ కారెక్కింది అందుకే. బాబాయ్, అమ్మకివ్వు."

డోర్సీ రేడియో తీసి రెటా ముందు పట్టుకున్నాడు.  "నీ ఇష్టం వదినా. వద్దంటే నేనే చెబుతాను. పిల్ల తిట్టుకుంటుంది, అంతేగా. నాకు అలవాటే."

ఆ ఆఖరి రెండు మాటలూ రెటా గుండెల్లో దిగాయి. రేడియో అందుకుంది.

ట్రాక్ తుడవడం పూర్తయింది. నూట ముప్పై ఏడో చుట్టులో పచ్చ జెండా పడింది. ముందు వరసలో ఎర్ర కారు లోపల, నీలం కారు బయట. జనంలో కూర్చున్నవాడు లేడు. పదమూడు చుట్లు దూరం కూడా కాదు, దగ్గర కూడా కాదు, మనిషి గుండె ఆగిపోవడానికి సరిగ్గా సరిపోయేంత.

"అమ్మా?"

రెటా బటన్ నొక్కింది.  వదిలేసి, మళ్ళీ నొక్కింది. "లోపల," అంది.

"సరే," అంది డెల్లా.

రెండు కార్లూ తలుపుకి తలుపు ఆనించి ఒక చుట్టు తిరిగాయి. రెండో చుట్టూ అంతే. గ్రేడీ తగ్గలేదు, డెల్లా తగ్గలేదు. మొదటి మలుపులో వాడు బెత్తెడు ముందు, మూడో మలుపులో ఇది బెత్తెడు ముందు.  పక్కన డోర్సీ నిలబడ్డాడు, ఒక్క మాట సాయం చెయ్యలేదు. చెయ్యకూడదని అతనికి తెలుసు.

నూట ముప్పై తొమ్మిది.

మొదటి మలుపులో బయటి వరస ఊపుతో నీలం కారు కాస్త ముందుకు జరిగింది. రెండో మలుపు నుంచి బయటికొచ్చేసరికి ఎర్ర కారు ముక్కు డెల్లా తలుపు దగ్గరుంది.

"లోపల," అంది రెటా. "ఇంకా ఉన్నాడు."

తిన్నని దారిలో ముక్కు వెనక చక్రం దగ్గరికి జారింది. ఎదురుగా మూడో మలుపు. గోడ మీద పోయినేటి గుర్తుకి కొత్త తెల్లరంగు వేశారు, అయినా పైకప్పు నుంచి తెలుస్తూనే ఉంది.

"ఇంకా ఉన్నాడు. ఇంకా ఉన్నాడు."

డెల్లా బయటి గీత మీద ఉండి, కిందికి దిగకుండా, ఆ మాట కోసం ఆగింది. ఇంకో అర సెకను ఆగితే గోడే. ఎర్ర ముక్కు బంపరు దగ్గరికి వచ్చింది, బంపరు దాటి వెనక్కి పోయింది. మధ్యలో వెలుతురు కనపడింది, ఒక మనిషి అడ్డంగా పట్టేంత. రెటా చూసింది. మళ్ళీ చూసింది. ఆ వెలుతురు నిజమే.

"క్లియర్," అంది.

అద్దం చూసుకోకుండా, ఒక్క క్షణం తటపటాయించకుండా, డెల్లా చక్రం ఎడమకి తిప్పేసింది.

వెనక గ్రేడీ కాడిల్ ఇంకా గ్యాసు మీంచి కాలు తియ్యలేదు.